దంతనష్టము – దవడకండరములు

సుశ్రుతసంహిత నిదానస్థానమున ముఖరోగములను వర్గీకరించుచు దంతములకు సంబంధించిన వ్యాధులను ఎనిమిదింటిని పేర్కొన్న ఆచార్యుడు, పిప్పిపన్ను, పండ్లు పులియుట, పాచి గట్టిపడుట మొదలైన వానితోపాటు హనుమోక్షమును, అనగా దవడకీలు పట్టుతప్పుటను గూడ ఆ పట్టికలోనే చేర్చెను. కీలునకు కలిగిన వికారమును పంటిరోగములలో లెక్కించుట వర్గీకరణదోషమని ఆధునికుడు తొందరపడి తీర్పు చెప్పవచ్చును. కాని పన్నును, దవడను, దవడను కదల్చు కండరమును వేరువేరు ఖాతాలలో వ్రాసికొనుటకు అలవాటుపడిన నేటి వైద్యశాస్త్రము గడచిన నూరేండ్లుగా మెల్లమెల్లగా చేరుచున్న నిర్ణయము సైతము దాదాపు అట్టిదే.

లోకమున ఈ విషయమును గూర్చి వాడుకలోనున్న అభిప్రాయము సరళమైనది. పండ్లు లేనివాడు గట్టివస్తువులు నమలడు. నమలనందున దవడకండరము పనితప్పి సన్నగిల్లును. ముసలితనమున చెంపలు లోతుకు పోవుటకు అదియే హేతువు. ఈ మాట అసత్యము కాదు గాని, ఇందు మూడు విషయములు కలగలిసి యున్నవి: పని తగ్గుటచే కలుగు కృశత్వమొకటి, వయస్సుచే కలుగు క్షయము మరియొకటి, పంటితోబాటు పోయిన స్పర్శజ్ఞానము వలన కండరమునకు కలుగు దిక్కుతోచనితనము వేరొకటి. మొదటి రెండింటిని గూర్చి పరిశోధకులు చాల వ్రాసిరి. మూడవదానికి ఇంకను తగిన గౌరవము దక్కలేదని నా యభిప్రాయము. కట్టుడుపండ్లు పెట్టించుకొన్నవాని దవడ పూర్వబలమును ఏల మరల పొందజాలదో తెలియవలెనన్న ఆ మూడవదానినే ముందు విచారింపవలసి యున్నది.

నమలుటకు ముఖ్యసాధనములైన కండరములు ఇరువైపుల నాలుగేసి. పండ్లు గట్టిగా కరచి చెంపవెనుక వ్రేలు ఆనించినచో ఉబ్బి తగులునది మాసెటర్. అప్పుడే కణతమీద కదలాడునది టెంపొరాలిస్. దవడయెముకకు లోపలివైపున మాసెటరునకు జోడుగా నిలిచి పనిచేయునది లోపలి టెరిగాయిడ్. ఈ మూడును నోరు మూయించునవి. నాలుగవదైన వెలుపలి టెరిగాయిడ్ దవడను ముందునకును ప్రక్కకును లాగి, నోరు తెరచుటకు తోడ్పడును. ఈ నాలుగింటిని నడపునది అయిదవ కపాలనాడి యొక్క దవడశాఖ. ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. కండరములకు ఆజ్ఞలు మోయు ఆ యయిదవ నాడియే పండ్లనుండియు చిగుళ్ళనుండియు స్పర్శవార్తలను మెదడునకు చేరవేయుచున్నది. పన్ను ఊడినప్పుడు దాని ఫలితము కండరమునందు కనబడుట ఆశ్చర్యకరము కాదనుటకు ఈ నాడీబంధుత్వము చాలును.

పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టబడినది కాదు. వేరునకును ఎముకకును నడుమ సుమారు మిల్లీమీటరులో నాలుగవవంతు మందముగల సన్నని తంతుపొర యొకటి ఉన్నది. పన్ను దానియందు ఊయలలూగుచు నిలుచును. ఈ పొరలో లెక్కకు మిక్కిలియైన స్పర్శగ్రాహకములు పొదిగియుండును. ముందుపండ్ల గ్రాహకములు ఒక్క న్యూటనునకు లోపలి బలమునకే, అనగా సుమారు నూరు గ్రాముల బరువునకే, అత్యంత చురుకుగా స్పందించునని స్వీడనుదేశపు నాడీశాస్త్రజ్ఞులు మనుష్యుల నాడులనుండియే నేరుగా నమోదుచేసి చూపిరి. దవడపండ్ల గ్రాహకములకు ఇంతకంటె కొంత యెక్కువ బలము కావలెను. అన్నములో ఇసుకరేణువు పంటికింద పడినంతనే దవడ చటుక్కున ఆగిపోవుట వీని మహిమయే. రెండు పండ్లనడుమ నుంచిన ఇరువది మైక్రానుల మందముగల రేకును సైతము సహజదంతములు గుర్తింపగలవు; సంపూర్ణముగా కట్టుడుపండ్లు ధరించినవారికి ఆ మందము నూరు మైక్రానులకు దాపుగా ఉండవలెను. ఇంకొక విచిత్రము చెప్పవలెను. శరీరమున తక్కిన స్పర్శనాడుల కణదేహములన్నియు మెదడునకును వెన్నుపామునకును వెలుపల గుంపులుగా నుండగా, పంటిపొరకు చెందిన వానిలో కొన్నింటి కణదేహములు, మూయు కండరముల లోపలి సాగుదలను గ్రహించు నాడుల కణదేహములతో కలిసి, సాక్షాత్తు మెదడుకాండములోనే కాపురమున్నవి. పంటికిని కండరమునకును ఇంతటి సాన్నిహిత్యమును ప్రకృతి ఊరక కల్పించియుండదు.

నమలుడునకు కావలసిన లయ మెదడుకాండమునందే పుట్టును. ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు షెరింగ్టన్ పై మెదడుతో సంబంధము తప్పించిన పిల్లులయందు దవడ ప్రతిక్రియలను పరిశీలించి 1917లో ప్రకటించిన నాటినుండి ఈ మార్గమున అన్వేషణ సాగుచు వచ్చినది. ఆ లయ యంత్రప్రాయమైనది. దానికి సందర్భశుద్ధి నిచ్చునది పంటినుండి వచ్చు వార్త. పదార్థము గట్టిదైనచో అదే కాటులో మూయు కండరముల స్పందన ఉప్పొంగును, మెత్తనిదైన తగ్గును. పన్ను తీసివేయబడినప్పుడు తంతుపొరయు అందలి గ్రాహకములును దానితోడనే నశించును. వానికి మారుగా చిగురుపై పొర, కీలు, కండరములోని గ్రాహకములు తమకు తోచినంత వార్త నందించుచుండును. చీకటిలో ఉలి పట్టిన వడ్రంగి చేతిలో సత్తువ యెంత యున్నను పూర్తిగా వాడ సాహసింపడు కదా. బోసినోటి దవడ స్థితియు నట్టిదే. కావున పండ్లులేనివాని కాటుబలము తగ్గినదని కొలిచి చూపినంతమాత్రమున కండరము అంతమేరకు క్షీణించినదని నిర్ణయించుట తగదు. ఈ భేదమును పాటింపకయే వ్రాయబడిన గ్రంథములు చాల కలవు.

కాటుబలమును కొలుచు ఉత్సాహము మాత్రము ప్రాచీనమైనది. ఇటలీ పండితుడు బొరెల్లీ, మరణానంతరము వెలువడిన తన ప్రాణిచలన గ్రంథమున, క్రింది దవడపండ్లకు త్రాడుకట్టి బరువులు వ్రేలాడదీసి నోటిశక్తిని అంచనావేసిన వృత్తాంతమును వ్రాసెను. ఇది పదునేడవ శతాబ్దపు మాట. అమెరికా దంతవైద్యుడు జి. వి. బ్లాక్ పందొమ్మిదవ శతాబ్దాంతమున దీనికై ప్రత్యేక యంత్రమును వాడెను. 1977లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ఈ చరిత్రలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. ఉత్తర ఫిన్లాండునందలి స్కోల్ట్ సామీజనులలో దవడపండ్లచోట గరిష్ఠబలము పురుషులకు సగటున 382 న్యూటన్లు, అనగా సుమారు ముప్పదితొమ్మిది కిలోల బరువునకు సమానమనియు, స్త్రీలకు 216 న్యూటన్లనియు తేలెను. వయస్సుతో ఈ బలము తగ్గుచుండుట కనబడినది. ఆ తగ్గుదలకు వయస్సుకంటె దంతములు చెడిపోవుటయే అధికకారణమై యుండవచ్చునని పరిశోధకులు తలంచిరి. పై దవడకును క్రింది దవడకును కట్టుడుపండ్లే గలవారి బలము సహజదంతములవారి బలములో నాలుగవవంతో అయిదవవంతో మాత్రమేనని తదుపరి పరిశోధనలలో పదేపదే వెల్లడియైనది.

బలము వేరు, నలుగగొట్టు సామర్థ్యము వేరు. ఈ రెండవదానిని కొలుచుటకు 1950లో మ్యాన్లీ, బ్రేలీ అను అమెరికనులు వేరుసెనగపప్పును నమలించి, ఉమ్మించి, జల్లెడపట్టి చూచిరి. మన వంటింటి జల్లెడకు ప్రయోగశాలలో ఇంతటి గౌరవము లభించుట ముచ్చటగా నున్నది. ఇట్టి పరీక్షలలో సంపూర్ణ కట్టుడుపండ్లవారు సహజదంతములవారితో సమానముగా పప్పును నలుపుటకు అనేకరెట్లు ఎక్కువసార్లు నమలవలసి వచ్చెను. వారిలో చాలమంది ఆ శ్రమ పడక, పెద్దముక్కలనే మ్రింగుటకు అలవాటుపడుదురు. ఇచ్చట కండరము దుర్బలమగుట యొక్కటియే కారణము కాదు. చిగురుపై కూర్చున్న పళ్లసెట్టు ఒత్తినచోట నొప్పిపెట్టును. క్రింది సెట్టు కాటుకు తోడనే ఒకవైపు లేచును. దానిని అణచిపట్టుకొనుటకు నాలుకయు, చెంపలును, పెదవులును నిరంతరము పనిచేయుచుండవలెను. ఈ స్థితిలో మూయు కండరములు నిండుబలము చూపినచో ఆపద కొనితెచ్చుకొన్నట్లగును. కావున మెదడు వానికి కళ్ళెము వేసియుంచును.

ఇక కండరముయొక్క స్వరూపమునే పరిశీలింతము. సి.టి. యంత్రము వచ్చువరకు సజీవుని దవడకండరపు పరిమాణము తెలిసికొనుటకు సాధనము లేకుండెను. బ్రిటనునందు 1993లో వెలువడిన పరిశీలనలో మాసెటరు, లోపలి టెరిగాయిడు అడ్డుకోత వైశాల్యమును, సాంద్రతయు వయస్సుతో తగ్గుచుండుటయేగాక, ఒకే వయస్సువారిలో పండ్లులేనివారియందు మరింత తగ్గియుండుట కానవచ్చినది. సాంద్రత తగ్గుటయన కండరపు నారలనడుమ కొవ్వును, తంతుపదార్థమును చేరుట. ఫిన్లాండునందలి ఔలూ పరిశోధకులు 1996లో ఇదే సంగతిని విద్యుత్‌స్పందనల కొలతతో కలిపి ధ్రువపరచిరి. మనదేశమున వార్ధాయందు జరిగి 2012లో ప్రకటింపబడిన అల్ట్రాసౌండు పరిశీలన ఇంకొక అడుగు ముందుకు వేసి, పండ్లులేనివారి మాసెటరు పలుచబడియుండుటను మాత్రమేగాక, సంపూర్ణ కట్టుడుపండ్లు ధరించిన కొన్నినెలలకు ఆ మందము కొంత పెరుగుటను గూడ చూపినది. ఈ చివరిమాట మిక్కిలి ఆశాజనకము. వయస్సొక్కటే కారణమైనచో నెలలలో తిరిగి పెరుగుట యెట్లు సాధ్యమగును? పెరిగినంతభాగము పనిలేమివలన పోయినదేనని ఊహించుట న్యాయము.

ఐనను ఒక హెచ్చరిక తప్పదు. ఈ పరిశీలనలలో అధికభాగము ఒకనాడు ఒకచోట చేర్చిన పండ్లున్నవారిని, లేనివారిని ప్రక్కప్రక్కన నిలిపి పోల్చినవి. పండ్లు పోగొట్టుకొన్నవారు చాలవరకు పేదలు, పోషణ తక్కువైనవారు, దీర్ఘవ్యాధులు గలవారు, పొగత్రాగువారు. వారి కండరములు కాళ్ళలోను చేతులలోను గూడ తరిగియుండవచ్చును. ఒకే వ్యక్తిని పండ్లున్ననాటినుండి ఊడువరకును, అటుపిమ్మటను వెంబడించిన దీర్ఘపరిశీలన దొరకుట కష్టము.

కండరపు నారలలో జరుగు మార్పు మరింత ఆసక్తికరమైనది. స్వీడనునందలి ఉమియా విశ్వవిద్యాలయమువారు 1990వ దశకమున యువకుల, వృద్ధుల మాసెటరును, భుజమునందలి బైసెప్సును పోల్చి చూచిరి. చేతికాళ్ళ కండరములలో వార్ధక్యమున వేగముగా ముడుచుకొను నారలు క్షీణించి, మందగతి నారల పాలు హెచ్చుట సామాన్యధర్మము. మాసెటరులో దీనికి విపరీతముగా మందగతి నారలు తగ్గి, వేగగతి లక్షణములు హెచ్చెను. అలసట నెరుగక దీర్ఘకాలము పనిచేయుటకు మందగతి నారలు ఆధారము. గట్టి ఆహారమును గంటలతరబడి నమలవలసిన అగత్యము తొలగినప్పుడు ఆ నారల పోషణకు హేతువు లోపించుట సహజమే. ఎలుకలకు, కుందేళ్లకు పిండివంటి మెత్తని ఆహారమునే పెట్టి పెంచినచో, పండ్లన్నియు చెక్కుచెదరక యున్నను, మాసెటరు తేలికపడి నారలు సన్నబడుట అనేక ప్రయోగములలో రుజువైనది. కండరము పంటి సంఖ్యను లెక్కించుకొనునది కాదు. తనపై పడిన బరువును లెక్కించుకొనునది. మెత్తని రొట్టెలు, పొట్లములలోని చిరుతిండ్లు తిని పెరుగుచున్న నేటి ముప్పదిరెండు పండ్ల పిల్లల విషయమునను ఈ వాక్యమును మననము చేయవలసి యున్నది, కాని అది వేరొక వ్యాసమునకు వస్తువు.

పండ్లు పోయిన దవడయందు ఎత్తు తగ్గుట మరొక సమస్య. పన్ను ఊడినంతనే దానిని మోసిన ఎముకగట్టు కరగుట ప్రారంభించును. ఫిన్లాండు శాస్త్రజ్ఞురాలు టాల్గ్రెన్ 1972లో ప్రకటించిన, ఇరువదియైదేండ్లకాలము నావరించిన పరిశీలనలో క్రింది దవడగట్టు పై దవడకంటె నాలుగురెట్లు అధికముగా కరుగునని తేల్చెను. గట్టు కరిగినకొలది నోరు మూసినపుడు క్రింది దవడ మునుపటికంటె పైకి, ముందునకు వచ్చును. గడ్డము ముక్కును సమీపించును. మూయు కండరములు కుదించిన పొడవుననే పనిచేయవలసి వచ్చును. ముందుపండ్ల నడుమ పదునైదు మొదలు ఇరువది మిల్లీమీటర్లు ఎడమున్నపుడు కాటుబలము గరిష్ఠమని ప్రయోగములు తెలుపుచున్నవి. దానికి దూరమైనకొలది బలము తరుగును. కాని ఎత్తు తగ్గుటను సర్వరోగకారణముగా నెంచుట ఎంతటి పొరపాటునకు దారితీయునో కాస్టెన్ కథ చెప్పగలదు. అమెరికాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడైన కాస్టెన్ 1934లో దవడపండ్లు పోయినవారి చెవిపోటు, తలనొప్పి, తలతిరుగుడు మున్నగువానిని ఒక త్రాటికి గుచ్చి, దవడతల వెనుకకు జరిగి నాడిని, చెవినాళమును ఒత్తుటయే వీనికి మూలమని సిద్ధాంతీకరించెను. పదునాలుగేండ్లకు శరీరనిర్మాణశాస్త్రజ్ఞుడు సిచర్, అట్టి ఒత్తిడికి ఆ యవయవముల అమరికయందు తావేలేదని నిరూపించెను. సిద్ధాంతము పడిపోయినను ఆ పేరు దశాబ్దములపాటు దంతవైద్యుల నోట నిలిచినది. ఎత్తు పెంచుటయే చికిత్సయని ఎందరి పండ్లకో అనవసరముగా తొడుగులు వేయబడెను.

కొన్ని పండ్లు మాత్రమే పోయినవారి సంగతి యేమి? ఒకవైపు దవడపండ్లు లేనివాడు రెండవవైపుననే నమలును. ఆ వైపు కండరము శ్రమచేసి నిలువగా, రెండవది కొంత విశ్రమించును. ఐతే లోపించిన ప్రతి పంటికిని మారుపన్ను కట్టవలెననుట గూడ శాస్త్రము కాదు. హాలండునందలి నైమేఖెన్ విశ్వవిద్యాలయపు కైజర్ 1981లో, ముందుపండ్లును వాని ప్రక్క చిన్న దవడపండ్లును నిలిచియున్నచో వెనుకటి పెద్ద దవడపండ్లు లేకున్నను చాలమందికి నమలుట తృప్తికరముగానే సాగునని ప్రతిపాదించెను. ఇరువది పండ్లున్న చాలునను భావమునకు ఇది బలము చేకూర్చినది. జపానుదేశము 1989లో ఎనుబదియేండ్లకు ఇరువది పండ్లను లక్ష్యముగా పెట్టుకొని ఉద్యమము నడపసాగెను. ఆ దేశపు వృద్ధదంతవైద్య సంఘము 2016లో నోటిశక్తి తరుగుటను ఒక ప్రత్యేకవ్యాధిగా నిర్వచించుచు, కాటుబలమును, నాలుక ఒత్తిడిని, నమలు సామర్థ్యమును దాని లక్షణములలో చేర్చినది.

చికిత్సల ప్రసక్తిలో మొదట చెప్పిన మూడవవిషయము మరల ఎదురగును. కట్టుడుపండ్లు కండరమునకు ఎదురొత్తిడి నీయగలవు గాని పోయిన గ్రాహకములను తేజాలవు. ఈ కారణముననే, పన్నంతయు పీకివేయుటకు మారుగా ఒకటి రెండు వేళ్ళను, ముఖ్యముగా కోరపండ్ల వేళ్ళను నిలిపి వానిపై సెట్టును కూర్చుండబెట్టు పద్ధతిని నేను మెచ్చుకొందును. వేరు నిలిచిన తంతుపొర నిలుచును, గ్రాహకములు నిలుచును, ఎముక నిలుచును. 1978లో ప్రకటింపబడిన అయిదేండ్ల పరిశీలనలో ఇట్టివారి క్రింది దవడ ముందుభాగమున ఎముక 0.6 మిల్లీమీటరు మాత్రమే తరుగగా, సామాన్యపు సెట్టు ధరించినవారికి 5.2 మిల్లీమీటర్లు తరిగెను. ఒక పాతవేరును కాపాడుట క్రొత్తమరను బిగించునంత ఆకర్షకముగా నుండదు. అందుచేతనే కాబోలు, ఈ పద్ధతికి రావలసిన ప్రచారము రాలేదు.

టైటానియపు మరను ఎముకలో బిగించు పద్ధతిని స్వీడనునందలి గోటెన్‌బర్గున బ్రోనెమార్క్ 1965లో తొలిసారి మనుష్యునియందు ప్రయోగించెను. క్రింది దవడయందు అట్టి మరలను, అనగా ఇంప్లాంటులను, రెండింటిని నాటి వానికి సెట్టును తగిలించినచో కాటుబలము దాదాపు రెట్టింపగుట హాలండు పరిశీలనలలో కనబడినది. ఐనను అది సహజదంతముల స్థాయిని అందుకొనలేదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున సమావేశమైన నిపుణులు, పండ్లులేని క్రింది దవడకు ఈ రెండింటి ఏర్పాటే మొదటి ఎంపికగా నుండవలెనని ప్రకటించిరి. ఇంప్లాంటుచుట్టు తంతుపొర యుండదు. అయినను ఎముక, ఎముకపొర మొదలైనచోట్లనుండి కొంత స్పర్శజ్ఞానము కలుగుచున్నట్లున్నది. రేకుమందము గుర్తించు పరీక్షలో ఇంప్లాంటు ధరించినవారు సహజదంతములవారికిని, సామాన్యపు సెట్టువారికిని నడుమ నిలుచుచున్నారు.

పండ్లు పోవుటకును మతిమరపునకును ముడిపెట్టు పరిశోధనలు ఈ నడుమ బాగుగా ప్రచారములోనికి వచ్చినవి. జపానునందు 1999లో, త్వరగా ముసలితనము వచ్చు జాతి ఎలుకలకు దవడపండ్లు తొలగింపగా త్రోవ గుర్తుంచుకొను శక్తి తగ్గి, మెదడులో జ్ఞాపకమునకు సంబంధించిన భాగమున కణములు నశించుట చూపబడినది. మనుష్యుల విషయమున దీనిని యథాతథముగా అన్వయించుటకు నేను సాహసింపను. మతి తప్పుచున్నవాడు పండ్లుతోముట మానుటచేత పండ్లు పోవుట గూడ సంభవమే కదా.

చివరకు ఈ ప్రశ్న యంతయు కంచము దగ్గరకు వచ్చి నిలుచును. పండ్లూడిన పెద్దలు తాంబూలమును చిన్నరోటిలో దంచుకొనుట, జొన్నరొట్టెను పాలలో నానవేసికొనుట, జంతికలను పొడిచేసికొనుట మన ఇండ్లలో ఎరుగనివారు లేరు. ఈ అలవాట్లు కట్టుడుపండ్లు వచ్చినపిమ్మట గూడ కొనసాగుచుండుటయే అసలు చిక్కు. క్రొత్తసెట్టు నిచ్చినంతమాత్రమున భోజనము మారదనియు, ఏమి తినవలెనో, ఎట్లు తినవలెనో దగ్గరుండి చెప్పినప్పుడే కూరగాయలు, ఫలములు తినుట హెచ్చుననియు ఇంగ్లండునందు జరిగిన పరీక్షలు తెలుపుచున్నవి. మినెసోటాలో 1941లోనే, మైనమును క్రమముగా నమిలిన విద్యార్థులకు కాటుబలము పెరుగుట చూపబడినది. చరకుడు నూనె పుక్కిలించుట దవడలకు బలమని వ్రాసినప్పుడు నూనెగుణమును తలచెనో, ఆ వంకతో దవడకు దొరకు వ్యాయామమును తలచెనో నిర్ణయింపజాలము. సెట్టు అమర్చి పంపివేయు వైద్యుడు మాత్రము మొదటివారమున మెత్తని ఉప్మాతో ఆరంభించి, ఉడికించిన సెనగలకు, పిదప జొన్నరొట్టెకు, రెండువైపుల సమముగా నమలుచు, మెట్లుమెట్లుగా ఎక్కించు పథ్యపత్రము నొకదానిని రోగిచేతికిచ్చినచో, ఎముకమీది పనికి సమానమైన పని కండరముమీద గూడ చేసినవాడగును. అట్టి పత్రమును అచ్చువేయుటకు ఖర్చు కొన్ని పైసలు.